ఆగ్నెస్ మక్‌ఫైల్: కెనడా తొలి మహిళా ఎంపీ

కెనడా పార్లమెంటు దిగువ సభ పేరు హౌస్ ఆఫ్ కామన్స్. 1921 ఎన్నికల్లో ఆ సభలోని 235 స్థానాల్లో మహిళకు దక్కింది ఒక్కటే. ఆ విజేత ఆగ్నెస్ మక్‌ఫైల్.

ముఖ్యాంశాలు

- జననం: 1890 మార్చి 24, ఒంటారియోలోని గ్రే కౌంటీ. రైతు కుటుంబం.
- తొలి వృత్తి: పల్లె బడుల్లో ఉపాధ్యాయురాలు.
- 1921లో గ్రే సౌత్‌ఈస్ట్ నుంచి ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున గెలిచారు. వరుసగా అయిదు ఎన్నికల్లో నెగ్గి, 1940లో ఓడిపోయారు. 1935 వరకు సభలో ఆమె ఒక్కరే మహిళ.
- 1929లో జెనీవాలోని నానాజాతి సమితికి కెనడా ప్రతినిధిగా వెళ్లి, నిరాయుధీకరణ కమిటీలో పనిచేశారు.
- జైళ్ల సంస్కరణ: కింగ్‌స్టన్ కారాగారాన్ని స్వయంగా చూసి, ఖైదీల దుస్థితిని సభలో పదే పదే లేవనెత్తారు. దాంతో జైళ్ల వ్యవస్థపై విచారణకు 1936లో ఆర్షంబో కమిషన్ ఏర్పాటైంది.
- 1943లో ఒంటారియో శాసనసభకు ఎన్నికైన తొలి ఇద్దరు మహిళల్లో ఒకరు. సమాన వేతన చట్టం (1951) కోసం కృషి చేశారు.
- మరణం: 1954 ఫిబ్రవరి 13.

గుర్తుంచుకోండి: కెనడా సమాఖ్య ఏర్పడి 150 ఏళ్లయిన సందర్భంగా 2017లో విడుదలైన 10 డాలర్ల నోటుపై నాలుగు ముఖాలున్నాయి. వాటిలో ఏకైక మహిళ ఈమే.

ప్రాక్టీస్ బిట్స్

1. మక్‌ఫైల్ ఎంపీగా తొలిసారి గెలిచిన ఏడాది?
ఎ) 1918 బి) 1921 సి) 1929 డి) 1935

2. ఆర్షంబో కమిషన్ దేనికి సంబంధించినది?
ఎ) వ్యవసాయం బి) విద్య సి) జైళ్లు డి) రైల్వేలు

జవాబులు: 1-బి, 2-సి