ఎవరూ పిలవని పనివారు



చేవెళ్ల, మొయినాబాద్ దారిలో తెల్లవారగానే మూడు రకాల ప్రయాణాలు కనబడతాయి. కూరగాయలు, పూలు నగరానికి వెళతాయి. ఇంజినీరింగ్ కళాశాలల బస్సులు నగరం నుండి వస్తాయి. సద్దిడబ్బా పట్టుకొని అడ్డామీద నిలబడినవారు మాత్రం ఎవరైనా పిలిస్తేనే కదులుతారు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమాని ఇలాంటి అడ్డాకే వెళ్లాడు. సాయంత్రం అయిదు గంటలప్పుడు కూడా అక్కడ కొందరు నిలబడి ఉన్నారు. కారణం అడిగితే, తమను ఎవరూ పనికి పెట్టుకోలేదన్నారు. వారు సోమరులు కారు. వారిని పిలిచినవారు లేరు, అంతే.

మన కళ్లముందే మారిన పని

నిన్నటి తరానికి ఇక్కడ పని అంటే పొలమే. టమాట, క్యారెట్, ఆకుకూరలు, పూలతోటలు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణకోసం 1996లో వచ్చిన 111వ జీఓ 84 గ్రామాలలో పెద్ద కట్టడాలను, పరిశ్రమలను కట్టడి చేసింది. 2022లో ప్రభుత్వం 69వ జీఓతో ఆ ఆంక్షలను సడలించింది. ఈలోగా 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైంది. నగరం పడమటికి పెరిగింది. పొలాల మధ్య ఫామ్‌హౌసులు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు లేచాయి.

పట్టా ఉన్నవారికి భూమి ధర వచ్చింది. పట్టా లేని కూలీకి మాత్రం ఆ పొలంతోపాటే పనీ పోయింది. దాని బదులు వాచ్‌మన్, తోటమాలి, డ్రైవర్, వంటమనిషి పనులు వచ్చాయి. ఇవన్నీ గౌరవమైన పనులే. అయితే తండ్రి కాపలా కాసిన గేటు దగ్గరే కొడుకు కూడా నిలబడవలసి వస్తే, అది వాడు కోరుకున్న పనేనా, లేక వేరే దారి చూపినవారు లేకనా అని మనం అడగాలి.

తలాంతు విలువ ఎంత?

మత్తయి 25వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానం మనకందరికీ తెలుసు. ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. అంటే అందరికంటే తక్కువ అందుకున్న సేవకుని చేతిలో కూడా సుమారు 20 ఏళ్ల కూలి ఉన్నదన్నమాట! యజమాని ఎవరినీ వట్టి చేతులతో విడిచిపెట్టలేదు. 'టాలెంట్' అనే ఆంగ్లపదానికి నేటి అర్థం వచ్చింది ఈ ఉపమానం నుండే.

"మావాడికి చదువు అబ్బలేదు ఫాదర్" అని తల్లులు అంటుంటారు. చప్పుడు విని మోటారులోని లోపం చెప్పే పిల్లవాడికి బుద్ధి లేదందామా? ఇంకొందరు పిల్లవాని మొగ్గు ఎటో చూడకుండా, అప్పుచేసి బి.టెక్.లో చేర్పిస్తారు. తప్పిన సబ్జెక్టులు ఇంట్లో చెప్పలేక వాడు కుమిలిపోతాడు. మొదటిది తలాంతును పాతిపెట్టడం, రెండవది వానికి లేని తలాంతును వానిమీద మోపడం.

శ్రీసభ బోధ

1891లో పదమూడవ లియో పోపుగారు కార్మికుల హక్కులపై విశ్వలేఖ వ్రాశారు. 1955లో పన్నెండవ భక్తినాథ పోపుగారు మే 1వ తేదీని శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగగా నెలకొల్పారు. పని విలువ పనిరకాన్నిబట్టి కాక, చేసే మనిషినిబట్టి వస్తుందని 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు బోధించారు. 2025లో ఎన్నికైన పోపుగారు కృత్రిమ మేధ తెచ్చే మార్పులను ప్రస్తావిస్తూ, పదమూడవ లియోగారిని తలచుకొని పద్నాలుగవ లియో అనే పేరు ఎన్నుకున్నారు. యంత్రం మారినా మనిషి ముఖ్యం అన్న మాట మారలేదు.

పిలిచేవారు ఎవరు?

కొన్ని ఇళ్లలో మేనమామో బాబాయో ఏదో ఒక ఆఫీసులో ఉంటాడు. దారి చెబుతాడు. మన ఇళ్లలో చాలామంది పిల్లలు కళాశాల గడప తొక్కిన మొదటివారు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూలంగా దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారు బీసీ-సి వర్గంలో ఉన్నారు. అయినా ఆ దళిత సమాజం నుండే మన అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు 2022లో కార్డినల్ అయ్యారు. ప్రతిభకు కొరత లేదనడానికి ఇది నిదర్శనం.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. ఏళ్లతరబడి సత్యోపదేశం పిల్లలను జపాలు అప్పజెప్పమన్నాను గాని, "నీకు ఏ పని బాగా వచ్చు?" అని అడగలేదు. విచారణలోని నర్సు, ఎలక్ట్రీషియన్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆదివారం దివ్యబలిపూజ తరువాత అరగంట పిల్లలతో కూర్చుంటే ఎంత మేలు! పదవ తరగతి తరువాత ఐటీఐ, పాలిటెక్నిక్ ఉన్నాయి. చదువు మానినవారికి ఓపెన్ స్కూల్ ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద స్టైపెండు తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. బీసీ-సి ధ్రువపత్రం ముందే తీసుకొని ఉంచండి.

ఇంట్లో చర్చించుకోండి

1. మా పిల్లలలో ఒక్కొక్కరికి దేవుడిచ్చిన తలాంతు ఏది?
2. ఏ పనినైనా మేము ఇంట్లో చులకనగా మాట్లాడుతున్నామా?
3. మాకు తెలిసిన దారిని ఈ నెలలో ఎవరి బిడ్డకు చూపగలం?

ఆ యజమాని గుమాస్తాను పంపలేదు. తానే లేచి, ఒక్క రోజులో అయిదుసార్లు అడ్డాకు వెళ్లాడు. మనం ఒక్కసారైనా వెళదాం.