ప్రత్యుత్తరము రానిచో నేమి చేయవలెను?

విద్యార్థులారా! ఒక సర్వరు తనకు తెలియని సంగతిని వేఱొక సర్వరు నడిగి తెలిసికొనుట నేటి కంప్యూటరులకు నిత్యకృత్యము. అట్లడిగినవారికి బదులు చెప్పు ఏర్పాటునకు వెబ్ సర్వీసు అని పేరు. జావా భాషలో ఈ పని యెట్లు జరుగునో పై తరగతులవారి కొఱకు కొంత వ్రాయుచున్నాను.

మన కలకడలో నొక వృద్ధురాలు బియ్యము కొఱకు చౌకధరల దుకాణమునకు వచ్చి యంత్రముపై వ్రేలు మోపినదనుకొనుడు. ఆమె వ్రేలిముద్రను సరిచూచునది దుకాణము గాదు, భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ. ఆధార్ సంఖ్యలను 2010 సెప్టెంబరు నుండి ఇచ్చుచున్న సంస్థ యిదియే. అనుమతి పొందిన శాఖ తన సర్వరు ద్వారా ఆమె గుర్తింపు సంఖ్యను, గూఢలిపిలోనికి మార్చిన వ్రేలిముద్రను, ఆ విన్నపమునకే చెందిన యొక లావాదేవీ సంఖ్యను చేర్చి పంపును. వచ్చు జవాబు మిక్కిలి పొట్టిది: అవును, లేక కాదు.

అట్టి సర్వరును మనము జావాలో వ్రాయుదమనుకొందము. 2018 సెప్టెంబరులో వెలువడిన జావా 11 మొదలుకొని ఇందులకు హెచ్‌టిటిపి క్లయింట్ అను సాధనము ఆ భాషతోడనే వచ్చుచున్నది. చిరునామా వ్రాసి, విన్నపమును పంపి, జవాబును చదువుట కొలది పంక్తుల పని. ఇంతవరకు సులభమే.

అయితే గడువు చెప్పనిచో ఆ సాధనము జవాబు కొఱకు ఎంతకాలమైనను వేచియుండును. టామ్‌క్యాట్ అను ప్రసిద్ధమైన జావా సర్వరులో, మనము మార్చనిచో, పనివాండ్రవంటి త్రెడ్లు గరిష్ఠముగా 200 మాత్రమే. పొరుగు సర్వరు మూగవోయినచో ఒక్కొక్క త్రెడ్డును దాని వాకిట నిలిచిపోవును. అన్నియు నిలిచిన పిమ్మట, కార్డులో నెందరి పేర్లున్నవని యడిగినవానికి గూడ బదులు చెప్పు దిక్కుండదు. చెడినది పొరుగిల్లు, మూతపడినది మన యిల్లు!

కావున కలిసికొనుటకు ఒక గడువు, జవాబునకు ఒక గడువు పెట్టవలెను. గడువు దాటినచో జావా టైమవుట్ ఎక్సెప్షన్‌ను విసరును. దానిని పట్టుకొన్నచోట ఏమి వ్రాయుదురను దానిలోనే వ్రాయువాని బుద్ధి తెలియును. తొందరపాటువాడు ‘వ్రేలిముద్ర సరిపోలలేదు’ అని వ్రాయును. అది అసత్యము. ఆ సంస్థ కాదనలేదు, ఏమియు ననలేదు. కాని తెరపై నా మాట చూచిన దుకాణదారుడు ముసలమ్మను వట్టి సంచితో పంపివేయును. జవాబులు రెండు గావు, మూడు: అవును, కాదు, తెలియలేదు. మూడవదానికి వేఱు మాట, వేఱు దారి యుండవలెను. 503 అను సంఖ్య వచ్చినను ఇదే త్రోవ, ఏలయన సేవ ప్రస్తుతము అందదని దాని యర్థము.

మరల నడుగుటలోను వివేకము కావలయును. వ్రేలిముద్రను రెండవసారి సరిచూచుటవలన బియ్యపు లెక్క మాఱదు. బియ్యమిచ్చినట్లు పద్దు వ్రాయుమను విన్నపము అట్టిది కాదు. పద్దు పడి, జవాబు మాత్రము దారిలో పోయినదనుకొనుడు. క్రొత్త సంఖ్యతో మరల పంపినచో రెండవ పద్దు పడి, తీసికొనని బియ్యము ఆమె పేర నిలుచును. అందుచేత పాత లావాదేవీ సంఖ్యతోనే పంపవలెను. అవతలి సర్వరు దానిని గుర్తించి, ‘ఇది ముందే వ్రాసితిని’ అని బదులు చెప్పునట్లు దానిని గూడ వ్రాసియుండవలెను.