ఆ పేరు ఎక్కడి నుంచి వస్తోంది?

చిరంజీవి అమ్మలుకు పెద్దమామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ మెయిల్ అందింది. పరీక్షల విభాగం నుంచి వచ్చే ప్రతి మెయిలూ నీ మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్‌లో ఎప్పుడో రిటైరైన సారు పేరుతోనే కనిపిస్తోందనీ, అది నమ్మి ఇప్పుడున్న మేడమ్ గారికి ఆయన పేరు పెట్టి జవాబు రాశావనీ, ఆవిడ నొచ్చుకున్నారనీ రాశావు. ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తానంటున్నావు. ఆ శ్రమ పడకు. ప్రోగ్రామ్ తీసేసినా అడ్రస్ బుక్కులు ప్రొఫైల్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. మళ్లీ పెట్టగానే ఆ పేరూ తిరిగొస్తుంది. మేడమ్ గారికి మాత్రం ఇవాళే వెళ్లి జరిగింది చెప్పు. పెద్దవాళ్లని వేరొకరి పేరుతో పిలవడం చిన్న విషయం కాదు.

ముందు తప్పు ఎక్కడుందో చూడాలి. ఆ మెయిల్ తెరిచి కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కితే దాని అసలు రూపం కనిపిస్తుంది. అందులో పైభాగాన ఉండే హెడర్‌లో ‘ఫ్రమ్’ అనే వరస వెతుకు. పేరు, ఆ పక్కనే కోణాల బ్రాకెట్లలో చిరునామా ఉంటాయి. 1982 నాటి ఆర్.ఎఫ్.సి. 822 ప్రమాణం నుంచీ ఇదే పద్ధతి. అక్కడ మేడమ్ గారి పేరే ఉంటే పంపినవాళ్ల తప్పేమీ లేదన్నమాట. నీ కంప్యూటరే పేరు మారుస్తోంది. థండర్‌బర్డ్ ఆ చిరునామాను నీ అడ్రస్ బుక్కుల్లో వెతికి, దొరికితే మెయిల్ మోసుకొచ్చిన పేరును పక్కనపెట్టి అక్కడున్నదే చూపిస్తుంది. విభాగం చిరునామా మారలేదు, మనిషి మారారు. చిక్కంతా అదే.

అడ్రస్ బుక్ తెరిచి పేరుతో కాకుండా చిరునామాతో వెతుకు. అన్ని బుక్కుల్లోనూ వెతకాలి సుమా! పర్సనల్ అడ్రస్ బుక్‌లో సరిదిద్ది ఊరుకుంటారు చాలామంది. దాని పక్కనే ‘కలెక్టెడ్ అడ్రసెస్’ అని ఇంకొకటుంటుంది. మనం ఎవరికి మెయిల్ పంపినా వాళ్ల చిరునామా మనల్ని అడక్కుండానే అందులో చేరిపోతుంది. పాత పేరు ఎక్కువగా దాక్కునేది అక్కడే. గూగుల్ కాంటాక్టుల్లాంటివి ఆన్‌లైన్ నుంచి జతచేసి ఉంటే అక్కడా చూడు.

ఇక అసలు మాట. పాత సారు పేరు కొట్టేసి మేడమ్ గారి పేరు రాస్తే సరిపోతుందనుకుంటావు. సరిపోదు. పేరు వెతకడం మెయిల్ వచ్చినప్పుడు కాదు, నువ్వు చూస్తున్నప్పుడు జరుగుతుంది. దాంతో సారు హయాంలో వచ్చిన పాత మెయిళ్లన్నీ మేడమ్ గారు రాసినట్టు కనిపిస్తాయి. రేపు ఏ రీవాల్యుయేషన్ ఫైలో తీసినప్పుడు ఆవిడ రాయని మాటలు ఆవిడ పేరు మీద కనిపించడం న్యాయం కాదు. అందుకే మనుషులు మారే కుర్చీల చిరునామాలకు మనిషి పేరు పెట్టకూడదని నా నిశ్చితాభిప్రాయం. ‘పరీక్షల విభాగం’ అని రాసుకో. ఎవరు పంపారో వాళ్ల పేరే కనబడాలంటే, ఆ కాంటాక్టులో హెడర్ కన్నా డిస్‌ప్లే నేమ్‌కే ప్రాధాన్యం ఇవ్వమనే టిక్కు ఉంటుంది, అది తీసెయ్యి. సెట్టింగుల్లో, అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లకి డిస్‌ప్లే నేమ్ మాత్రమే చూపమనే టిక్కు కూడా తీసేస్తే పేరు పక్కన చిరునామా కూడా కనిపిస్తుంది. నాకు ఈ రెండో పద్ధతే ఇష్టం. వరస కాస్త పొడుగైనా నిజం కళ్లముందుంటుంది.

ఫ్రమ్ వరసలోనే పేరు తప్పుగా ఉంటే నువ్వేం చెయ్యలేవు, పంపినవాళ్లకి మెల్లగా చెప్పాలి. తెలుగులో రాసుకున్న పేరు అక్కడ అర్థంకాని అక్షరాలుగా కనిపిస్తే కంగారుపడకు. హెడర్‌లో ఇంగ్లిషు అక్షరాలే పట్టే రోజుల్లో, 1996లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 2047 ప్రకారం వేసిన ముసుగు అది.

నీ పేరు ఎదుటివాళ్లకి ఎలా వెళ్తోందో కూడా చూసుకో. అకౌంట్ సెట్టింగుల్లో ‘యువర్ నేమ్’ దగ్గర ఏముంటే అదే వెళ్తుంది. ఆఫీసు కంప్యూటర్ కదా, నీకంటే ముందు కూర్చున్నవాళ్ల పేరే ఉండిపోయిందేమో! ఇప్పుడు మార్చినా ఇదివరకు వెళ్లిన మెయిళ్లు మారవు.

ఇంతగా చెప్పడానికి ఇంకో కారణముంది. ఇన్‌లాండ్ లెటర్ వెనక పంపినవారి పేరు ఎవరైనా ఏదైనా రాయొచ్చు, ఇదీ అంతే. ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డీమార్క్ అనే తనిఖీలు ఉన్నాయి గానీ అవి చూసేది డొమైన్‌ని, పేరును కాదు. ఎవడైనా ఒక కొత్త జీమెయిల్ ఖాతా తెరిచి మీ ప్రిన్సిపాల్ గారి పేరు పెట్టుకుంటే, ఆ మెయిల్ తనిఖీలన్నీ దాటుకుని దర్జాగా నీ దగ్గరికి వస్తుంది. ఫోన్లో అయితే చాలాసార్లు పేరొక్కటే కనిపిస్తుంది, చిరునామా కోసం దాన్ని తాకి చూడాలి. బద్ధకించకు తల్లీ. డబ్బు, పాస్‌వర్డ్, పిల్లల మార్కుల వివరాలు, వీటిలో ఏది అడిగినా, నీకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి కనుక్కోనిదే జవాబు ఇవ్వకు.

ఇట్లు,
నీ పెద్దమామయ్య