ఎమర్జెన్సీలో మన ఇన్సూరెన్సు ఏమి భరిస్తుంది?



సైనిక్‌పురిలో ఒక ఇంట్లో రాత్రివేళ పెద్దాయనకు ఛాతీనొప్పి వచ్చింది. ఇంట్లోవారు బీరువాలో పాలసీ కాగితాలు వెతికి, ఏ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుందో నలుగురికి ఫోన్లు చేసి, గంటన్నర తరువాత తీసుకొచ్చారు. దేవుని కృపవలన ఆయన బ్రతికారు గాని, గుండె కండరం కొంత దెబ్బతిన్నది. పోయిన ఆ గంటన్నరను ఏ పాలసీ తిరిగి ఇవ్వలేదు.

అందుకే మొదటి మాట. ఛాతీనొప్పి, పక్షవాతం, ఆయాసం, ప్రమాదం – ఏదైనా సరే వెంటనే 108కి ఫోన్ చేసి, చికిత్స దొరికే దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి. ప్రాణాపాయంలో ఉన్నవారికి ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా చికిత్స చేయవలసిందేనని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది.

ఇక పాలసీ గురించి ముందే తెలుసుకోవలసినవి:

1. నెట్‌వర్కు ఆసుపత్రి కాకపోయినా, క్యాష్‌లెస్ కుదరకపోయినా క్లెయిము పోయినట్టు కాదు. అడ్మిట్ అయిన 24 గంటల్లో కంపెనీకి తెలియజేయండి. బిల్లు కట్టి, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీతో తరువాత క్లెయిము చేసుకోవచ్చు. క్యాష్‌లెస్ అడిగితే గంటలోగా కంపెనీ జవాబు ఇవ్వాలని 2024లో నియమం వచ్చింది.

2. క్యాజువాలిటీలో ఇ.సి.జి. తీయించుకొని అదే పూట ఇంటికి వెళితే, మామూలు పాలసీలో ఆ ఖర్చు రాదు. సాధారణంగా 24 గంటలు అడ్మిట్ అయి ఉండాలి. డయాలసిస్, కంటి శుక్లాల ఆపరేషన్ వంటివాటికి మినహాయింపు ఉంటుంది.

3. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు వర్తించదు. పాత జబ్బులకు మూడేళ్ళ వరకు ఆగవలసి రావచ్చు.

4. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీలో పెద్ద గది తీసుకుంటే, అద్దె ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు వంటివి కూడా ఆ లెక్కలోనే కోస్తారు.

5. షుగరు, బి.పి. ఎప్పటినుండి ఉన్నాయో మేము అడిగినప్పుడు ఊహించి చెప్పకండి. కంగారులో "పదేళ్ళుగా" అంటే కేసు షీటులో అదే పడుతుంది, కంపెనీ దాన్నే చదువుతుంది. దాచనూ వద్దు. పాలసీ తీసుకునేటప్పుడు కూడా నిజమే వ్రాయండి.

మన ప్రాంతంలో మాజీ సైనికుల కుటుంబాలు ఎక్కువ. ఇ.సి.హెచ్.ఎస్. కార్డు ఉన్నవారు ఎమర్జెన్సీలో ఏ ఆసుపత్రిలోనైనా చేరవచ్చు. ఒప్పందం లేని ఆసుపత్రి అయితే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలపాలి. ముందు మీరే కట్టాలి, తరువాత నిర్ణీత రేట్ల ప్రకారం వస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుండి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలు. అయితే జాబితాలోని చికిత్సలకు, నెట్‌వర్కు ఆసుపత్రుల్లోనే వర్తిస్తుంది.

మంచి సమరయుడు ముందు గాయాలు కట్టాడు, మరునాడు పూటకూళ్ళవానితో లెక్క మాట్లాడాడు. మనమూ ఆ వరుసనే పాటిద్దాం. ఈ ఆదివారం ఆరాధన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చొని పాలసీ నంబరు, కంపెనీ ఫోను, పెద్దలు వాడే మందులు ఒక కాగితం మీద వ్రాసి బీరువా తలుపుకు అంటించండి. అవసరం వచ్చిన రాత్రి వెతుకులాట ఉండదు.

దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.