ఊరును చదివిన శాస్త్రములు

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, సికింద్రాబాదు నుండి కరీంనగరమునకు పోవు రహదారిపై శామీర్‌పేట యను గ్రామము కలదు. దానికి పడమటి దిక్కున, నాగపురము పోవు రహదారిపై మేడ్చల్ పట్టణము కలదు. ఈ ప్రాంతపు నేల మెరకలతోను, పల్లములతోను, ఎఱ్ఱని చెల్కలతోను, పెద్ద పెద్ద రాతిగుండ్లతోను నిండి యుండును. ఏడాది పొడవునా పారెడు పెద్ద నది యిచ్చట లేదు. వాన కురిసినప్పుడు నీరు పల్లమునకు పరుగెత్తును. కొన్నాళ్లకు వాగు ఎండిపోవును. అందుచేత పూర్వులు పల్లమునకు అడ్డముగా మట్టికట్ట వేసి వాననీటిని నిలిపిరి. తెలంగాణమునందలి చెరువులు చాలవరకు ఇట్లేర్పడినవే. శామీర్‌పేట చెరువు అట్టివానిలో నొకటి.

సెలవుదినములలో నగరవాసులు ఈ చెరువును చూచుటకు వచ్చి పోవుచుందురు. కాని యీ యూరికి మరియొక ప్రసిద్ధి కూడ కలదు. దూరదేశముల విశ్వవిద్యాలయములలో మానవశాస్త్రము చదివినవారు పెక్కురు శామీర్‌పేటను కన్నులార చూడకపోయినను దాని పేరెరుగుదురు. ఇచ్చటి యిండ్లు, వృత్తులు, పండుగలు, కుటుంబములు వారి పాఠ్యగ్రంథములకెక్కినవి. ఒక చిన్న పల్లెకు అంతటి పేరు ఎట్లు వచ్చెను?

1951వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము గ్రామసేవకై యొక పథకమును చేపట్టి, దానికి శామీర్‌పేటను ఎన్నుకొనెను. వైద్యము, వ్యవసాయము, పశువైద్యము, విద్య మున్నగు శాఖలకు చెందినవారు అందు పాల్గొనిరి. గ్రామజీవితమును గూర్చిన పరిశీలనకు శ్యామాచరణ్ దూబే నాయకత్వము వహించెను. 1922లో జన్మించిన ఆయనకు అప్పటికి ముప్పది యేండ్లు నిండలేదు. అంతకు ముందే ఆయన ఛత్తీస్‌గఢ్ అడవులలోని కమారు జాతివారి జీవితమును పరిశీలించి యుండెను. శామీర్‌పేటలో తాము సేకరించిన విషయములను ఆధారము చేసికొని ఆయన వ్రాసిన 'ఇండియన్ విలేజ్' అను ఆంగ్ల గ్రంథము 1955లో లండనున వెలువడెను. ఒక భారతీయ గ్రామమును అన్ని వైపులనుండియు చూపిన తొలి గ్రంథములలో నది యొకటి. ఊరి స్వరూపము, కులములు, వృత్తులు, దేవతలు, కుటుంబ బంధములు, జీవనస్థాయి అనువానిని క్రమముగా వివరించి, చివరి అధ్యాయమున ఊరిలో వచ్చుచున్న మార్పులను దూబే వర్ణించెను.

మానవుని ఆచారములను, విశ్వాసములను, కుటుంబములను, వృత్తులను పరిశీలించు శాస్త్రమునకు మానవశాస్త్రమని పేరు. సంస్కృతి యనగా సంగీతము, నాట్యము మాత్రమే యని సామాన్యముగా తలచుచుందురు. 1871లో ఆంగ్లేయుడైన టైలరు అనునతడు ఈ పదమునకు విశాలమైన యర్థము చెప్పెను. జ్ఞానము, నమ్మకము, కళ, నీతి, చట్టము, ఆచారము మొదలుగా మానవుడు సంఘమున పుట్టి పెరుగుటచే నేర్చుకొను సమస్తమును సంస్కృతియే యని ఆయన మతము. ఆ లెక్కన మడి దున్నుట, కుండ చేయుట, పెండ్లికి బంధువులను పిలుచుట, చెరువునీటిని పంచుకొనుట – ఇవన్నియు సంస్కృతిలోనివే.

ఇక రెండవది జీవావరణశాస్త్రము. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెకెల్ 1866లో ఈ శాస్త్రమునకు పేరు పెట్టెను. ఆ పేరునకు మూలమైన గ్రీకు పదమునకు 'ఇల్లు' అని యర్థము. ఒక చోట నివసించు చెట్లు, పశువులు, పక్షులు, క్రిములు ఒకదానిపై నొకటి ఎట్లు ఆధారపడి యున్నవో, మట్టికిని నీటికిని వానికిని గల సంబంధమేమో ఈ శాస్త్రము విచారించును. చెరువులో నాచు పెరుగును. నాచును చిన్నచేపలును నత్తలును తినును. వానిని పెద్దచేపలును కొంగలును తినును. చచ్చినవి కుళ్లి మరల బురదలో కలిసి మొక్కలకు బలమిచ్చును. ఈ గొలుసులో ఒక కడియము తెగినచో తక్కినవి కూడ చెదరును.

ఈ రెండు శాస్త్రములును వేరువేరుగా పుట్టినను, పల్లెకు వచ్చునప్పటికి రెండును చెరువుకట్ట మీద కలిసికొనును. ఎట్లన, చెరువు కేవలము నీటిగుంట కాదు. దానికి కట్ట, తూము, అలుగు అను మూడు ముఖ్యమైన యంగములు కలవు. కట్ట నీటిని నిలుపును. తూము పొలములకు నీటిని విడుచును. చెరువు నిండిన పిమ్మట మిగిలిన నీరు అలుగు మీదుగా పొర్లి దిగువనున్న చెరువునకు పోవును. ఇట్లు ఎగువ చెరువు దిగువ చెరువునకు నీరందించుటచే వీనిని గొలుసుకట్టు చెరువులందురు. చెరువు క్రింది మాగాణిలో వానకాలపు పంట ఆబి, వేసవిపంట తాబి. నీరు చాలినచో రెండును పండును. చాలనిచో ఆబితోనే రైతు తృప్తి పడవలెను.

ఇప్పుడీ నీటిని అనుసరించి మనుష్యులను చూడవలెను. తూము తెరచి, మూసి, మళ్లకు వంతులవారీగా నీరు పంచుటకు నీరడి యను గ్రామసేవకుడుండెడివాడు. బెస్తలు, ముదిరాజులు చేపలు పట్టెడివారు. కుమ్మరి మట్టికై చెరువునకే పోయెడివాడు. చాకలి బట్టలుతుకుట చెరువునొద్దనే. వేసవిలో చెరువెండగా రైతులు ఒండ్రుమట్టిని బండ్లకెత్తి పొలములకు తోలెడివారు; పొలమునకు బలము, చెరువునకు లోతు రెండును ఒకే పనితో సమకూడెడివి. వడ్రంగి, కమ్మరి, మంగలి మున్నగువారికి ఏడాది పొడవునా చేసిన పనికి కూలి కల్లములో ధాన్యరూపముగా ముట్టెడిది. కావున చెరువు నిండని యేట రైతు ఒక్కడే గాక, నాగలి చెక్కిన వడ్రంగియు, క్షౌరము చేసిన మంగలియు పస్తుండవలసి వచ్చెడిది. నీటిమట్టమును కొలుచువాడు ఈ సంగతిని ఎరుగనిచో అతని లెక్క సగమే. వృత్తులను వర్ణించువాడు నీటిమట్టమును ఎరుగనిచో అతని వర్ణనయు సగమే.

పరిసరము మారినచో జీవనవిధానము ఎంతగా మారునో తెలియుటకు నల్లమల అడవులను చూడవచ్చును. దూబే కంటె ముందే హైదరాబాదు సంస్థానమున క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా పండితుడు పరిశోధన చేసెను. 1939లో ప్రపంచయుద్ధము ఆరంభము కాగా, ఆయనయొద్ద జర్మను పాస్‌పోర్టు ఉండుటచే, సంస్థానమును దాటి పోరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. ఆ కట్టడి వలన ఆయనకు అడవులలోని జాతులను పరిశీలించు నవకాశము చిక్కెను. అమ్రాబాదు కొండలలో చెంచుల నడుమ నివసించి 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. చెంచులు గడ్డలు త్రవ్వి, పండ్లు ఏరి, కొండచరియలకు త్రాళ్లు కట్టుకొని దిగి తేనె తీసి జీవించెడివారు. ఆహారము ఒకచోట సమృద్ధిగా దొరకనందున చిన్న చిన్న గుంపులుగా నుండి, ఋతువును బట్టి తావులు మార్చెడివారు. శామీర్‌పేటలో చెరువు జనులను ఒకచోట నిలిపెను; నల్లమలలో అడవి వారిని నడిపించెను. అమెరికాలో జూలియన్ స్టీవర్డ్ అను పండితుడు అచ్చటి ఎడారి ప్రాంతములలోని షొషోనీ జాతివారి యందును ఇట్టి సంబంధమునే గమనించి, జీవనోపాధికిని సంఘమునకును గల పొత్తును విచారించు గ్రంథమును 1955లో ప్రచురించెను. దూబే గ్రంథము వెలువడినదియు ఆ సంవత్సరమే.

అయితే పరిసరమే సర్వమును నిర్ణయించునని తలపరాదు. వాన అందరి పైనను సమానముగానే కురియును. కాని బావినీరు అందరికి సమానముగా దక్కలేదు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించెను. అయినను దూబే శామీర్‌పేటకు వచ్చిన కాలమున తెలంగాణ గ్రామములలో మాల, మాదిగల వాడలు ఊరికి దూరముగనే యుండెను. ఊరబావి వారికి మూసియుండెను. చెరువు త్రవ్వుటకును, కట్ట వేయుటకును చెమటోడ్చినవారిలో వారును కలరు. దాని క్రింది మాగాణిలో వారి పేర నున్న భూమి మాత్రము స్వల్పము. ఈ భేదమును చేసినది ప్రకృతి కాదు, మనుష్యులు. మనుష్యులు చేసినదానిని మనుష్యులే మార్చవచ్చును. కావుననే మంచి పరిశీలకుడు ఊరిలో నీరెంత యున్నదని అడిగి ఊరకుండడు. ఆ నీరు ఎవరికి ఎంత అందుచున్నదని కూడ అడుగును. ఊరికి గౌరవము తెచ్చు సంగతులనే వ్రాసి, తక్కినవానిని దాచువాడు శాస్త్రజ్ఞుడు కాడు.

పండుగల విషయమునను పరిశీలకునకు ఓర్పు వలెను. భాద్రపద అమావాస్యతో మొదలై తొమ్మిది దినములు జరుగు బతుకమ్మ పండుగను చూడుడు. వానలు వెనుకపట్టు పట్టి చెరువు నిండియున్న వేళ, బీళ్లలో తంగేడును, గునుగును విరగబూచిన వేళ ఆ పండుగ వచ్చును. స్త్రీలు ఆ పూవులను పేర్చి, పాడి, తుదకు చెరువులో నిమజ్జనము చేయుదురు. చెరువుకట్టపై కట్టమైసమ్మను నిలిపి కొలుచుట తెలంగాణమున పెక్కుచోట్ల కలదు. నగరమునుండి వచ్చినవాడు వీనిని మూఢనమ్మకములని నవ్వవచ్చును. మరియొకడు మన పూర్వులకు ఆధునిక విజ్ఞానమంతయు తెలియునని పొంగిపోవచ్చును. మానవశాస్త్రజ్ఞుడు ఈ రెండును చేయడు. ఊరిలో నివసించి, వారి భాష నేర్చి, ఒకే విషయమును పలువురిని అడిగి, చెప్పినదానిని చేసినదానితో పోల్చి, ఏనాటి సంగతి ఆనాడే పుస్తకమున వ్రాసికొనును. జీవావరణశాస్త్రజ్ఞుడును అట్లే వర్షపాతమును, నీటి లోతును, మొక్కల సంఖ్యను ఋతువు ఋతువునకు కొలిచి వ్రాయును. తొందరపడి తీర్పు చెప్పకుండుట ఇద్దరికిని సమానధర్మము.

దూబే చూచిన శామీర్‌పేట నేడు లేదు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్ – మల్కాజ్‌గిరి జిల్లాలో నీ ప్రాంతము చేరినది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి శామీర్‌పేటను తాకుచు పోవుచున్నది. న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయమగు నల్సార్ ఇచ్చటనే యున్నది. సమీపమునందలి తుర్కపల్లి పరిసరములలో మందులను, టీకాలను గూర్చి పరిశోధించు జీనోమ్ వ్యాలీ సంస్థలు వెలసినవి. వీనివలన చదువును, ఉద్యోగములును వచ్చినవి. ఊరబావి కట్టుబాట్లు సడలినవి. చేతివృత్తుల వారి బిడ్డలు తండ్రుల వృత్తికి కట్టుబడి యుండనక్కరలేదు. ఇవి మేలైన మార్పులే.

అయితే మార్పునకు మరియొక ముఖము కలదు. గొట్టపు బావులు వచ్చిన పిమ్మట ఎవరి నీరు వారిదయ్యెను. తూమునొద్ద కూడి వంతులు తేల్చుకొను నవసరము తగ్గెను. నీరడి పని సన్నగిల్లెను. కాని బోరులోని నీరును, చెరువులోని నీరును పరాయివి కావు. చెరువునీరు మెల్లమెల్లగా భూమిలోని కింకుటచేతనే చుట్టుపట్ల బావులలో ఊట నిలుచును. చెరువునకు నీరు తెచ్చు వాగుదారులు పూడిపోయినచో కొంతకాలమునకు బోరులును ఎండును. ఎండిన చెరువు నేలను శికము భూమి యందురు. వానలు లేని యేండ్లలో అది వట్టి మైదానమువలె కనబడును. దానిపై ఇండ్లు లేచును. పెద్దవాన కురిసిన నాడు నీరు తన పాతచోటికే వచ్చును. 2020 అక్టోబరున హైదరాబాదులో భారీవర్షములు కురిసినప్పుడు చెరువు భూములలోను, వాని దిగువను వెలసిన కాలనీలు పెక్కు జలమయమాయెను. ఇండ్లు కొన్న సామాన్యులకు అది చెరువు నేల యని తెలిసియుండకపోవచ్చును. ఊరి వృద్ధులకు మాత్రము తెలియును. వారిని అడిగినవారు లేకపోయిరి.

చెరువుల పూడిక తీయుటకై తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ యను పథకమును ప్రారంభించెను. తీసిన ఒండ్రును రైతులు మరల పొలములకు తోలుకొనిరి. పాతపద్ధతి క్రొత్తపేరుతో తిరిగివచ్చెను. ఆ పద్ధతిని ఎరిగినవారు ఇంకను ఊళ్లలో మిగిలి యుండుటచేతనే అది సాధ్యమాయెను.

ఊరును చదువుటకు విదేశముల పండితుడే రానక్కరలేదు. ఒక పుస్తకమును, ఓర్పును ఉన్న విద్యార్థికిని ఆ పని సాధ్యమే. తన యూరి చెరువు పేరేమి? దానికి ఏ దిక్కునుండి నీరు వచ్చును? అలుగు కడపట ఏ యేట పారెను? దాని యొడ్డున ఏ పక్షులు ఏ నెలలో కనబడును? దానిపై ఆధారపడి ఎవరెవరు బ్రతికిరి? ఎవరిని నీటికి దూరముగా నుంచిరి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల పెద్దలు ఇంటింట ఉన్నారు, ఏటేట తగ్గిపోవుచున్నారు. తూమును ఏ నెలలో ఎంత తెరచినచో చివరి మడికి నీరందునో ముసలి నీరడికి తెలియును. అది ఏ పటమునందును వ్రాసి లేదు.