దంతసాక్ష్యము

కమ్మని భోజనము తఱచుగా లభించువానిని మన తెలుగువారు దంతసిరి గలవాడందురు. ఆ సిరికి మూలమైన దంతములను గూర్చి మాత్రము మనలో పెక్కుమందికి తెలిసినది స్వల్పము. పన్ను నొచ్చినప్పుడు చెంపను చేతితో పట్టుకొని "ఈ ప్రక్క నొప్పి" అందుమే గాని, ఏ పన్ను నొచ్చుచున్నదో, దానిలో ఏ భాగము చెడినదో చెప్పజాలము. పేరు తెలిసినగాని ఒక వస్తువును మఱియొక వస్తువునుండి వేఱుచేసి చూడలేము. కావున ముందుగా దంతముల పేర్లు నేర్చుకొందము. పిదప ఆ జ్ఞానముతో నల్లగొండ సీమ పిల్లల పండ్లమీద నీరు వ్రాసిన యొక కథను చదువుదము.

మనుష్యునకు రెండు పర్యాయములు దంతములు మొలచును. మొదటివి పాలపండ్లు. ఇవి సుమారు ఆఱవ మాసమున మొలవనారంభించి, మూడవ యేడు నిండునప్పటికి 20 అగును. ఆఱేండ్ల వయస్సు మొదలుకొని ఇవి యొక్కొక్కటిగా ఊడిపోవుచుండగా స్థిరదంతములు వచ్చును. స్థిరదంతములు మొత్తము 32. వీనిలో ఎదుట నిలిచి, ఉలివలె ఆహారమును కొఱుకునవి కుంతకములు, ఇవి 8. వాని ప్రక్కన మొనదేలి యుండి చీల్చునవి రదనికలు, ఇవి 4. వీనినే వాడుకలో కోరపండ్లందురు. తరువాత అగ్రచర్వణకములు 8, వాని వెనుక చర్వణకములు 12 కలవు. ఇవి తిరుగలివలె ఆహారమును నలుగగొట్టును. వీనినే దవడపండ్లందురు. కట్టకడపటి నాలుగు చర్వణకములు సాధారణముగా పదునేడేండ్లు దాటిన పిదప మొలచును గనుక వానికి జ్ఞానదంతములని పేరు కలిగినది. అందుచేత ఎనిమిదవ తరగతి చదువువారి నోట 28 పండ్లకు మించి యుండుట అరుదు.

పంటిలో పైకి కనబడు భాగము కిరీటము; చిగురులోపల దవడయెముకలో పాతుకొనియున్నది మూలము; ఆ రెండును కలియుచోటు గ్రీవము. కిరీటమును కప్పియుండు తెల్లని పొర పేరు పింగాణి. మన శరీరమందలి పదార్థములన్నిటిలో ఇదియే మిక్కిలి కఠినమైనది. ఎముకయు దీని ముందు మెత్తనిదే. పింగాణి క్రింద డెంటిన్ అను పొర కలదు. దాని నడుమనున్న కుహరములో రక్తనాళములును, నాడులును గల మెత్తని దంతమజ్జ యుండును.

ఇచ్చట ఒక విశేషమును గుర్తుంచుకొనవలెను. విఱిగిన యెముక అతుకుకొనును. తెగిన చర్మము మానును. కాని పోయిన పింగాణి తిరిగి పెరుగదు. దానిని నిర్మించు కణములు, పన్ను చిగురు చీల్చుకొని వెలుపలికి వచ్చునప్పటికే నశించును. ముందరి స్థిరదంతముల పింగాణి శిశువు పుట్టిన కొన్ని నెలలకే దవడలోపల ఏర్పడనారంభించును. ఆ బాల్యమున దేహమునకు కలిగిన మేలును కీడును పింగాణిమీద చెఱగని వ్రాతయై నిలుచును.

పండ్లమీద కనబడు మచ్చలన్నియు ఒకటి కావు. సరిగా తోమనిచో చిగురు ప్రక్కన పాచి పేరుకొని, గట్టిపడి గారయగును. దంతవైద్యుడు దానిని గీకి తీసివేయగలడు. తీపిపదార్థములు పండ్ల సందులలో నిలిచినప్పుడు సూక్ష్మజీవులు వానిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పింగాణిని కరగించి గుంట చేయును, అదియే పిప్పిపన్ను. ఆ గుంట డెంటిన్‌ను దాటి దంతమజ్జను చేరినప్పుడు నొప్పి తీవ్రమగును. మూడవ రకపు మచ్చ వేఱు. అది సుద్దవంటి తెల్లని చాఱలుగా గాని, పసుపు, గోధుమ వన్నెల పట్టీలుగా గాని కుడియెడమల పండ్లమీద సమానముగా కనబడును. ఎంత తోమినను పోదు. దీనిని ఫ్లోరోసిస్ అందురు.

1901వ సంవత్సరమున అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు వచ్చిన మెకే అను దంతవైద్యుడు అక్కడ పుట్టిపెరిగినవారి పండ్లపై గోధుమవన్నె మచ్చలను చూచెను. పెద్దవారైన పిదప ఆ యూరికి వచ్చినవారికి అవి లేవు. నీటియందే దోషమున్నదని ఆయన అనుమానించెను. ఆ దోషము ఫ్లోరైడ్ అని చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1931లో నిరూపించెను. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని వర్ణించిరి. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ సీమలోని రాతిపొరలనుండి ఫ్లోరైడ్ కరగి భూగర్భజలములో చేరుచుండెను.

ఫ్లోరైడ్ కీడు పండ్లతో ఆగదు. సికింద్రాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. ఇది 1918లో కూనూరున చిన్న పరిశోధనాలయముగా మొదలై, 1958లో ఇచ్చటికి తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందినది. ఈ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అను పరిశోధకులు నల్లగొండ పల్లెలలో మోకాళ్లు లోపలికి వంగి నడువలేని పిల్లలను పరీక్షించి, ఆ విషయమును 1973లో లోకమునకు తెలిపిరి. పండ్లమీది మచ్చ ముందుగా వచ్చిన హెచ్చరిక. వంగిన ఎముక ఆ హెచ్చరికను వినకపోవుట వలన కలిగిన ఫలము.

ఫ్లోరైడ్ స్వల్పముగా నున్న పింగాణికి బలము; మితిమీరిన చేటు. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. నీటికి పటిక, సున్నము, బ్లీచింగ్ పొడి చేర్చి, మడ్డి అడుగుకు దిగిన పిదప పైతేటను గ్రహించు పద్ధతి 1970 దశకమున నాగపూరులోని పరిశోధన సంస్థవారు రూపొందించిరి. అది నల్లగొండ పద్ధతియను పేర ప్రసిద్ధి కెక్కినది. 2016 మొదలుకొని మిషన్ భగీరథ పథకము ద్వారా శుద్ధిచేసిన నదీజలము తెలంగాణ పల్లెలకు చేరసాగినది.

బాలబాలికలారా! మచ్చల పండ్లు గల తోటివానిని చూచి "పండ్లు తోముకొనడు" అని నవ్వుట కలదు. అది అజ్ఞానము. ఆ మచ్చ అతని సోమరితనమునకు గుర్తు కాదు. పసితనమున అతనికి లభించిన నీటికి సాక్ష్యము. గారయైన తోమవలెను, పిప్పియైన వైద్యుని చూడవలెను, ఫ్లోరోసిస్ అయిన ఊరి నీటిని పరీక్ష చేయింపవలెను. ఈ మూటిని వేఱుచేసి చెప్పగలిగిన విద్యార్థి తన యూరికి మేలుచేయగలడు.

ప్రశ్నలు
1. స్థిరదంతములలోని రకములెవ్వి? ఒక్కొక్కదాని పనియేమి?
2. పోయిన పింగాణి తిరిగి ఏల పెరుగదు?
3. పెద్దవారై కొలరాడో స్ప్రింగ్స్ చేరినవారి పండ్లపై మచ్చలు ఏల రాలేదు?
4. గార, పిప్పి, ఫ్లోరోసిస్ — వీని భేదమును వివరింపుడు.