షార్త్రూజు సీసాయు సేకర్త హక్కులును

ఫ్రాన్సు దేశమున మూలికలతోను ఫలములతోను పరిమళము కూర్చి, చక్కెర చేర్చి తయారుచేయు లికర్లను, త్రాగుటకుగాక దాచుకొనుటకై కొనువారు లోకమునందు పెక్కుమంది కలరు. తపాలా బిళ్ళలు సేకరించువారు చిల్లుల అంచును భూతద్దముతో పరీక్షించునట్లు, వీరును చీటీ యే కాలమున అచ్చయినదో, మూతపైని ముద్ర యే కర్మాగారపుదో, సీసాలో ద్రవము మెడవఱకు నిలిచియున్నదో దిగజారినదో చూచి గాని వెల నిర్ణయింపరు. చదువునకో యుద్యోగమునకో లియోనునందును ప్యారిసునందును కాపురముండు మన తెలుగువారిలో ఎవరికేని యీ యభిరుచి యబ్బినయెడల, సెలవులకు ఇంటికి బయలుదేరునపుడు కలుగు సందేహము సహజమైనదే: అక్కడ రొక్కమిచ్చి, రసీదు పుచ్చుకొని న్యాయముగా సంపాదించిన వస్తువును ఇక్కడకు తెచ్చుకొనుట నేరమెట్లగును? కాకపోవచ్చును, అగుటయు సంభవము. ఒక దేశపు చట్టము ప్రసాదించిన హక్కు ఆ దేశపు ఎల్లలవఱకే మనతో నడచును. కొనుటకును, మోయుటకును, అమ్ముటకును వేర్వేరు చట్టములు కలవు. ఈ రెండు సంగతులు మనస్సున నిలుపుకొన్నవానికి తక్కినది దుర్గ్రహము కాదు.

వీనిలో మొదటిదానిని న్యాయగ్రంథములకంటె స్పష్టముగా బోధించునది షార్త్రూజు అను లికరు చరిత్రము. గ్రెనోబులు నగరమునకు చేరువనున్న పర్వతములలో, 1084 సంవత్సరమున బ్రూనో యను సాధువు స్థాపించిన కార్తూసియను మఠమువారు దీనిని తయారుచేయుదురు. 1605లో దెస్త్రే యను సేనాని ప్యారిసు చెంతనున్న ఆ సంప్రదాయపు మఠమున కొక వ్రాతప్రతి నొసగెననియు, దానినిబట్టి 1737లో మూలమఠమునందు ఒక ఔషధసారము సిద్ధమయ్యెననియు మఠచరిత్ర చెప్పుచున్నది. ఆకుపచ్చ, పసుపు వన్నెల లికర్లు దాని సంతతియే. నూటముప్పది మూలికలు చేరు నా యోగమును ఏ కాలమునందైనను ఇద్దఱు ముగ్గురు సన్న్యాసులు దప్ప అన్యులెఱుగరు.

ప్రభుత్వానుమతి లేక మతసంఘములు నిలువరాదని 1901లో ఫ్రెంచి శాసనసభ చట్టము చేసెను. కార్తూసియనుల విన్నపము త్రోసివేయబడెను; 1903 ఏప్రిలు మాసమున సైనికులు వచ్చి వారిని మఠమునుండి వెడలగొట్టిరి. న్యాయస్థానము నియమించిన లిక్విడేటరు వారి కర్మాగారమును, షార్త్రూజు అను పేరును, వ్యాపారచిహ్నములను స్వాధీనము చేసికొని యొక కంపెనీకి దక్కునట్లు చేసెను. యోగము మాత్రము ఆయనకు చిక్కలేదు. సన్న్యాసులు స్పెయిను దేశపు తర్రగోనా పట్టణమునకు పోయి, అచ్చట బట్టీలు నెలకొల్పి, పూర్వపద్ధతినే లికరు తీసిరి. కాని జన్మభూమిలో తమ పేరు తామే పెట్టుకొను నధికారము లేకపోవుటచే, తర్రగోనాయందు కార్తూసియను పాదిరులు చేసిన లికరని చీటీపై వ్రాసికొనవలసివచ్చెను. అసలు సరుకునకు పేరు లేదు. పేరుగల సరుకు అసలుది కాదు.

కంపెనీవారు ఆ పేరుతోనే విదేశములందును అమ్మబూనగా వ్యాజ్యములు పుట్టినవి. ఇంగ్లండున వ్యవహారము ప్రభువుల సభవఱకు పోయి 1910లో తీర్పు వెలువడినది. ఫ్రెంచి చట్టము ఫ్రాన్సులోని యాస్తిని లాగికొనగలదేకాని, ఇంగ్లండులో సన్న్యాసుల సరుకు గడించిన ఖ్యాతిని, అచ్చటి వారి చిహ్నమును తాకజాలదని దాని సారాంశము. మఱుసటి యేట సన్న్యాసుల పక్షమున బాగ్లిన్ అనునాతనికిని, కూసెనియె కంపెనీకిని నడుమ నడచిన వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టును, న్యాయమూర్తి హ్యూస్ వ్రాసిన తీర్పులో, ఆ దేశమున చిహ్నము సన్న్యాసులదే యని నిర్ణయించెను. ఒకే పేరు ఫ్రాన్సులో ఒకరి సొత్తు, సముద్రము దాటినంతనే వేఱొకరి సొత్తు! మన వ్యాపారచిహ్నముల చట్టము 27వ సెక్షనున నిలిపియుంచిన ‘పాసింగ్ ఆఫ్’ దావాకు, అనగా ఒకరి సరుకును మఱియొకరిదిగా చెలామణి చేయుటను అడ్డుకొను దావాకు, మూలభావము ఇట్టిదే.

1929లో ఆ కంపెనీ దివాలా తీయగా, ఆ ప్రాంతపు సన్న్యాసి పక్షపాతులు కొందఱు వాటాలు కొని మఠమునకు కానుకగా సమర్పించిరి. 1935లో కొండచరియ విఱిగిపడి పాత కర్మాగారము ధ్వంసము కాగా, పని వ్వారోను పట్టణమునకు మారినది. తర్రగోనా బట్టీలును 1989వఱకు నడచినవి. సేకర్తలు సీసాలకు కట్టు వెలలలోని తారతమ్యమంతయు ఈ వనవాసచరిత్రపై నాధారపడినది. ఇటీవలి సీసాలకు తేదీ నిర్ణయించుట సులువు. వానిపై అచ్చొత్తిన లాటు సంఖ్యలోని మొదటి మూడంకెలకు మఠస్థాపన సంవత్సరమగు 1084ను కలిపినచో సీసా నింపిన యేడు తేలును. 935 అని యున్నచో 2019 అన్నమాట. పాతవానికి ఈ సౌలభ్యము లేదు. మోసగాండ్రకు చోటు దొరకునది అచ్చటనే.

కావున కొనుగోలునాటి హక్కులను కొంచెము నిదానముగా చూడవలెను. ఫ్రాన్సులో వృత్తివ్యాపారియొద్ద ఇంటర్నెట్టు ద్వారమున కొన్న వినియోగదారునకు, సరుకు అందిన పిదప 14 దినములలో కారణము చెప్పకయే తిరుగగొట్టు హక్కు కలదు. బహిరంగ వేలమున పాడుకొన్నవానికి ఆ హక్కు లేదు; పాత లికర్లు తఱచుగా చేతులు మారునది వేలములలోనే గనుక ఈ భేదమును మఱువరాదు. వానికి రక్ష వేఱొకటి. వస్తువుయొక్క ముఖ్యలక్షణమును గూర్చి భ్రమపడి చేసిన యొప్పందమును రద్దుచేయుమని అడుగవచ్చునని ఫ్రెంచి సివిలు స్మృతి చెప్పుచున్నది. ఈ సూత్రము ఎంతదూరము పోవునో చూపిన వ్యాజ్యము మద్యమునకు సంబంధించినది కాదు, చిత్రపటమునకు సంబంధించినది. 1968లో దంపతు లిరువురు తమ యింటనున్న పటమును, నిపుణుని మాట నమ్మి, పేరులేని చిత్రకారుని రచనగా 2,200 ఫ్రాంకులకు వేలమున అమ్ముకొనిరి. ప్రభుత్వ మ్యూజియములవారు తమకుగల ముందుహక్కుచే దానిని తీసికొని, పూసేన్ మహాశయుని కృతిగా లూవ్రునందు ప్రదర్శించిరి! దంపతులు కోర్టున కెక్కగా, క్రింది న్యాయస్థానము వారికి ప్రతికూలముగా నిచ్చిన తీర్పును 1978లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసెను. అమ్మినవాని భ్రమకే యింత మన్నన యున్నపుడు కొన్నవాని సంగతి చెప్పనేల?

అయితే 1987లో, ఫ్రగొనారు పటము విషయమున, అదే న్యాయస్థానము దీనికొక హద్దు గీచినది: సందేహము కలదని యెఱిగియే బేరము కుదుర్చుకొన్నవారు తరువాత మోసపోతిమని మొఱపెట్టజాలరు. అందుచే వేలపు పట్టికలో ‘తర్రగోనా, 1920 ప్రాంతము’ అని నిశ్చయముగా వ్రాసిన సీసాకును, ‘బహుశః’ అను నొక్కమాట తగిలించిన సీసాకును న్యాయదృష్టిలో హస్తిమశకాంతరము. పట్టికలోని ఆ పుటను రసీదుతోకూడ భద్రపఱచుట సేకర్తకు సీసాను భద్రపఱచుటంత ముఖ్యము. వేలము నిర్వహించినవారిపై దావాకు గడువు పాట ముగిసిన నాటినుండి 5 సంవత్సరములు. అమ్మినవానిపై గుప్తదోషమునకై వేయు దావాకు దోషము బయటపడిన నాటినుండి 2 సంవత్సరములు.

ఇక సీసా ప్రయాణము. ఐరోపాలో వస్తువుల స్వేచ్ఛాసంచారమునకు బాట వేసినదియు ఒక ఫ్రెంచి లికరే యగుట విశేషము. దిజోను నగరపు కస్సీసు లికరులో ఆల్కహాలు 15 మొదలు 20 శాతమే యుండును. ఫలముల లికరులో 25 శాతమునకు తక్కువ యుండరాదని నాటి పశ్చిమజర్మనీ చట్టము. ప్రజారోగ్యము పేరు చెప్పి, మత్తు చాలలేదను నెపమున సరుకును వెలివేయుట నాకు నేటికిని నవ్వు పుట్టించును. 1979లో లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానము, ఒక సభ్యదేశమున న్యాయముగా తయారై అమ్ముడుపోవు సరుకును బలవత్తరమైన కారణము లేక మఱియొక సభ్యదేశము అడ్డరాదని తీర్పుచెప్పినది.

మన దేశమున ఇట్టి యుదారత కానరాదు. రాజ్యాంగపు రాష్ట్రముల జాబితాలో 8వ యంశమగుటచే మద్యము ఏ రాష్ట్రమున కా రాష్ట్రపు చేతిలోనిది. 47వ యధికరణము మద్యనిషేధమునకు ప్రయత్నింపుడని ప్రభుత్వములకు చెప్పుచున్నది. మద్యవ్యాపారము పౌరుని ప్రాథమికహక్కు కాదని ఖోడే డిస్టిలరీల వ్యాజ్యమున సుప్రీముకోర్టు తేల్చినది. దూబగుంట స్త్రీలు రగిల్చిన యుద్యమఫలముగా 1995 జనవరిలో ఆంధ్రప్రదేశమున సంపూర్ణ నిషేధము వచ్చుటయు, 1997లో సడలుటయు మనము చూచినదే. ఈ విషయమున నేటి నియమము రేపటికిని నిలుచునన్న భరోసా యెవరును ఈయజాలరు.

విమానమున మోయుటకే మొదటి నిబంధన కలదు. 70 శాతమునకు మించిన ఆల్కహాలుగల సీసాను ప్రయాణికుడు ఏ పెట్టెలోను తేరాదు. 24కు పైబడి 70వఱకు గలదానిని, దుకాణపు సీలు చెడకుండ, మనిషికి 5 లీటర్లు మించక తేవచ్చును. మఠమువారి ఔషధసారము 69 శాతము గనుక గండము తప్పించుకొన్నది. విమానము దిగిన పిదప మన కస్టమ్సువారి హద్దు ఇంకను చిన్నది: సుంకములేక తెచ్చుకొనదగినది రెండు లీటర్లు. ఇచ్చట సేకర్తలు పొరబడుచోటు ఒకటి కలదు. రెండు లీటర్లలోపుదైనంతమాత్రమున సీసా వెల ఎంతయైనను సుంకములేదని యనుకొందురు. అట్లు గాదు, సామానుల మొత్తము విలువకు విధించిన పరిమితిలో ఆ సీసా వెలయు చేరును. లక్షరూపాయల తర్రగోనా సీసా ముప్పాతిక లీటరే యైనను, ఎఱ్ఱ మార్గమున పోయి కస్టమ్సు చట్టపు 77వ సెక్షను ప్రకారము ప్రకటింపవలసినదే.

ప్రకటించినవానికి చట్టము మేలు చేయును. సుంకము భారమని తోచినచో, 80వ సెక్షను ననుసరించి, సీసాను తాత్కాలికముగా కస్టమ్సు వశమున నుంచి, తిరుగుప్రయాణమున తీసికొనిపోవుటకు అనుమతి కోరవచ్చును. సెలవులకు వచ్చి పోవువారికి ఇంతకంటె సుకరమైన యుపాయము లేదు. ప్రకటింపక పట్టువడినను హక్కులన్నియు నశింపవు. 124వ సెక్షను ప్రకారము జప్తుకు ముందు కారణములు తెలిపి, సమాధానము చెప్పుకొను నవకాశ మీయవలెను. ప్రయాణికుడు తానే కోరినచో ఆ నోటీసు నోటిమాటగా నుండవచ్చును. ప్రయాణపు తొందరలో, వ్రాతపూర్వకమైన నోటీసు అక్కఱలేదని ముందుంచిన కాగితముపై చదువకయే సంతకము చేయుట తగదు. నిషేధింపబడని వస్తువైనచో 125వ సెక్షను క్రింద జరిమానా చెల్లించి విడిపించుకొను నవకాశమును అధికారి యీయవలసినదే. ఉత్తరువుపై 60 దినములలో అప్పీలు చేసికొనవచ్చును.

కస్టమ్సు ద్వారము దాటిన సీసా అంతటితో రాష్ట్ర ఎక్సైజు శాఖవారి యెల్లలోనికి వచ్చును. 1968 నాటి ఎక్సైజు చట్టము ఆంధ్రప్రదేశమునకును, తెలంగాణమునకును మూలము. అనుమతి లేక పరిమితికి మించి రవాణా చేయుటయు, ఇంట నుంచుకొనుటయు దాని 34వ సెక్షను క్రింద నేరములు. పరిమితి ఎంతయనునది ప్రభుత్వపు టుత్తరువులతో మారుచుండును గనుక, ఒకటికంటె నెక్కువ సీసాలు కూడబెట్టదలచినవారు సమీపపు ఎక్సైజు స్టేషనున విచారించుకొని, కస్టమ్సు కాగితమును సీసా ప్రక్కనే యుంచుకొనవలెను. శంషాబాదునందు దిగి విజయవాడకు కారులో పోవువారు దారిలో రాష్ట్రము మారునని జ్ఞాపకముంచుకొనుట మంచిది. గుజరాతు, బీహారు రాష్ట్రములమీదుగా వచ్చువారి మాట చెప్పనక్కఱలేదు. బీహారులో సీసా కలిగియుండుటయే నేరము.

అమ్మకమునకు వచ్చుసరికి నా సలహా కఠినము: మన రాష్ట్రములలో లైసెన్సు లేనివాడు ఒక్క సీసానైనను అమ్మరాదు, అట్టివానియొద్ద కొననురాదు. వాట్సాపు గుంపులలో పరిచయస్థులనడుమ సాగెడి బేరములును ఇందులోనివే. సీసా నకిలీదని తేలినప్పుడు వెల తిరిగి యిప్పింపుమని కోర్టున కెక్కినచో, చట్టవిరుద్ధమైన యొప్పందము చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 23వ సెక్షను అడ్డువచ్చును. డబ్బు పోవుటయేగాక నేరము మీదపడును. అమెరికాలోని మనవారికిని ప్రైవేటు అమ్మకము సాధారణముగా నిషిద్ధమే. అచ్చటి తపాలా శాఖ మద్యపు పొట్లములను స్వీకరింపదు. కెంటకీ రాష్ట్రము మాత్రము 2018 మొదలుకొని, మూత తీయని, టోకు వర్తకులయొద్ద దొరకని పాతసీసాలను వ్యక్తులనుండి కొనుటకు లైసెన్సుగల దుకాణములకు అనుమతి నిచ్చినది. ఇంత స్పష్టమైన నియమము మన శాసనకర్తలకును తోచినచో ఎందఱినో చిక్కులనుండి తప్పింపవచ్చును.

ఫ్రాన్సున స్థిరనివాసమేర్పఱచుకొన్న సేకర్త గతించినయెడల, సాధారణముగా ఆ దేశపు చట్టము ననుసరించియే సీసాలు వారసులకు సంక్రమించును. గుంటూరులోని తల్లిదండ్రులకు వానిపై స్వామ్యము కలుగవచ్చునుగాని, పెట్టెలు కట్టి ఓడకెక్కించినచో అవి ప్రయాణికుని సామాను కావు. రాయితీలేవియు వర్తింపవు, దిగుమతిదారుడు పొందవలసిన అనుమతులన్నియు కావలసివచ్చును. ఫ్రాన్సులోని నోటరీ మూలమున అచ్చటనే వేలమువేయించి, సొమ్మును బ్యాంకుద్వారా తెప్పించుకొనుట మేలు. ఒకటి రెండు సీసాలు జ్ఞాపకార్థము కావలెనన్నచో, వచ్చు బంధువు ఎవరైనను పైని చెప్పిన రెండు లీటర్లలో ప్రకటించి తేవచ్చును.